షెడ్డులో వాన సద్దు

మా మామ వీరప్ప చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఈ కథ వింటే కొందరికి ఆ మాట నోటిదాకా వస్తుంది గనుక ముందే చెబుతున్నాను. ఎదురింటి హజరత్ వలి జబ్బుపడి అనంతపురం పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు, పదకొండు రోజులు ఆయన మంచం పక్కన నేల మీద పడుకున్నది మా మామే. ఆయన పోయాక ఒంటరిదైపోయిన భార్య మేరాజ్ బీ ఇంటికి రోజూ మా బర్రె పాలలో మొదటి చెంబు వెళ్ళేది. ఆమె నాకు వరసకు అత్త. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాకు తల దువ్వి, ఒళ్ళు వెచ్చబడితే గంజి కాచి పోసి, ఏడుపొస్తే తిట్టి నవ్వించింది ఆమే. అంత దగ్గరి మనిషిని మా పట్టుపురుగుల షెడ్డు గడప మాత్రం మామ ఆరేళ్ళుగా తొక్కనివ్వలేదు.

మా ఊరు రాప్తాడు దాటి, హైవే దిగి లోపలికి పోతే వస్తుంది. ఎర్రగరుసు నేల. ఏళ్ళ తరబడి శెనక్కాయ వేసి, వాన కోసం మెడలు నొప్పి పుట్టేలా ఆకాశంలోకి చూసి, ఇక చాలనుకుని మామ ఉన్న ఒక్క బోరు కింద ఎకరం మల్బరీ పెట్టాడు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేశాడు. మా ఆయన గిరి హైవే మీది కంపెనీలో షిఫ్టులు చేస్తాడు కాబట్టి షెడ్డు పని నాదీ మామదీ. గడప దగ్గర సిమెంటు తొట్టిలో బ్లీచింగ్ నీళ్ళుంటాయి. లోపలికి ఎవరొచ్చినా అందులో చేతులు కడగాల్సిందే. తనిఖీకి వచ్చిన ఆఫీసరునైనా మామ గడప దగ్గరే ఆపి, "సార్, చేతులు" అంటాడు.

మేరాజ్ అత్తకు మాత్రం కడుక్కున్నా ప్రవేశం లేదు. ఎందుకంటే ఆమె చరఖా మనిషి. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచీ పట్టుగూళ్ళను వేడినీళ్ళలో ఉడికించి దారం తీసిన చేతులు అవి. గూడు లోపల పురుగు ఉండగానే ఉడికిస్తారు. లేకపోతే అది గూడు తొలుచుకుని బయటికొచ్చి దారమంతా తెగిపోతుంది.

"మతం గితం కాదమ్మా," అన్నాడు మామ, నేను కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే. "మేరాజమ్మ నాకు తోడబుట్టినదాని కంటే ఎక్కువ. కానీ అది గూళ్ళు ఉడకబెట్టిన చెయ్యి. పురుగులకు తెలుస్తాది."

"పురుగులకు ఎట్ల తెలుస్తాది మామా?"

"నాకు ఎట్ల తెలుస్తాదో అట్లనే."

ఇంక దాని మీద అప్పీలు లేదు. మేరాజ్ అత్త కూడా దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించేది కాదు. మల్బరీ ఆకు మోపు తలమీద పెట్టుకుని మామ వస్తుంటే అరుగు మీదనుంచి కేకేసేది.

"ఏమన్నా, నీ బిడ్డలకు కూడు తీస్కపోతాండావా?"

"అవునమ్మా. ఆకలికి తట్టుకోలేవు."

"బాగా మేపు. బలిసినాక బండెక్కించి మా చరఖాల కాడికి పంపేది నువ్వేగదా!"

"అమ్మేది వేరే, చంపేది వేరే మేరాజమ్మా," అనేవాడు మామ నవ్వుతూనే. ఆమె కూడా నవ్వేది. ఇద్దరూ అట్లా నవ్వుకుంటూ ఉంటే నేనూ నవ్వేదాన్ని. ఆరేళ్ళు నవ్వుతూనే గడిపాం.

అత్త కూడా తక్కువదేం కాదు. కూతురు షబీనా దూదేకుల ఇంటి పిల్లవాణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుందని మూడేళ్ళు ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వాళ్ళది కర్ణాటకలోని శిడ్లఘట్టలో చరఖాల ఇల్లు. చివరికి మా మామే ఆమెను బస్సెక్కించి తీసుకెళ్ళాడు. "ఏందమ్మా ఇది, నువ్వూ నమాజు చేస్తావు, వాడూ చేస్తాడు. మనుషుల్ని అట్ల గడప బయట నిలబెట్టొచ్చునా?" అని దారి పొడుగునా చీవాట్లు పెట్టి, అల్లుడి చేతి టీ ఆమె తాగేదాకా కుర్చీలోంచి లేవలేదట. ఆ సంగతి మామ గొప్పగా చెబుతుంటే నేను మా షెడ్డు వైపు చూశాను. పైకి ఏమీ అనలేదు. అప్పుడైనా అనాల్సింది.

ఇక పోయిన ఎండాకాలం సంగతి. రంజాన్ నెల మొదలైన వారానికి రెండు జ్వరాలు దాటిన చాకీ పురుగులు, అంటే పిల్ల పురుగులు, తెచ్చాం. పురుగు కుబుసం విడిచే ముందు ఒక రోజు తినకుండా, కదలకుండా తల ఎత్తుకుని ఉండిపోతుంది. దాన్నే జ్వరం అంటారు మావాళ్ళు. నాలుగు జ్వరాలు దాటాక వారం రోజులు రాత్రీ పగలూ తింటాయి. ఆ తర్వాత పండుతాయి. పండిన పురుగుల్ని ఏరి చంద్రికల మీద, అంటే వెదురు చుట్లు అల్లిన తడకల మీద వేస్తే గూడు కట్టుకుంటాయి.

అత్తకు అది మా ఊళ్ళో ఆఖరి రంజాన్. పండుగ మరునాడు షబీనా వచ్చి ఆమెను శిడ్లఘట్టకు తీసుకుపోతానంది. ఆ మాట విన్న రోజునుంచి నాకు అన్నం సరిగా దిగలేదు. ఆమె మాత్రం ఒక్కపొద్దులు ఉంటూనే మా షెడ్డు పనికి వచ్చేది. లోపలికి కాదులెండి, బయటికి. షెడ్డు చల్లగా ఉండాలని కిటికీలకు గోనెపట్టలు కట్టి నీళ్ళు చల్లుతుంటాం. ఆ చల్లే పని ఆమె తనంతట తానే తీసుకుంది. నోట్లో ఉమ్మి కూడా మింగకుండా, ఆ ఎండలో, చెంబుతో పట్ట మీద పట్ట తడుపుకుంటూ పోయేది. ఆమె ఉన్నంతసేపూ మామ నీళ్ళు తాగేవాడు కాదు. నేను ఒకసారి మరిచిపోయి చెంబు ఎత్తితే, "ఒక్కపొద్దు మనిషి ముందర గుటకలేస్తావా, బుద్ధుండల్ల" అని కసిరాడు. సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళకు అనంతపురం నుంచి తెప్పించిన ఖర్జూరాలు ఆమె అరుగు మీద పెట్టి వచ్చేవాడు.

నాలుగో జ్వరం దాటిన మూడో రోజు, అత్త గోనెపట్టకు చెవి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి సిగ్గుపడినట్టు పక్కకు జరిగింది.

"సద్దు ఇంటాండా కోడలా," అంది.

అన్ని పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే షెడ్డంతా సద్దు. రేకుల మీద సన్నగా వాన పట్టినట్టే ఉంటుంది. మా ఊరికి ఆ వానే ఎక్కువ సార్లు వచ్చింది.

"మీ మామ ఒకనాడు చెప్పినాడు," అంది అత్త. "లోపల నడిమధ్య నిలబడి కండ్లు మూసుకుంటే నాలుగు దిక్కులా వాన కురిసినట్టుంటాదంట. నలభై ఏండ్లు గూళ్ళు ఉడకబెట్టినా కోడలా. బతికున్న పురుగు ఆకు తినేది ఒక్కసారి చూడ్ల్యా. పొయ్యేలోపల ఒక్కసారి ఆడ నిలబడల్లని ఉండాది. అంతే."

ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. వెంటనే లోపలికి వెళ్ళి ఫోన్లో వీడియో తీసి తెచ్చి చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇది వానమాదిరి ల్యాదే. నూనెలో బజ్జీలు ఏగినట్టుండాది," అంది. "ఒక్కపొద్దు మనిషికి ఇది ఇనిపిస్తావా, పాపిష్టిదానా!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. కానీ ఫోను తిరిగిచ్చేటప్పుడు ఆమె కళ్ళు మళ్ళీ గోనెపట్ట మీదికే పోయాయి.

ఆ సాయంత్రం మామను పట్టుకున్నాను. "ఊరిడిచి పోయే మనిషి మామా. ఒక్క నిమిషం. ఏమీ ముట్టుకోదు. నడిమధ్య నిలబడి వచ్చేస్తాది."

మామ ఆకు పరుస్తూనే ఉన్నాడు. "ఆమె అడిగితే నా పానమైనా ఇస్తానమ్మా," అన్నాడు. గొంతులో అబద్ధం లేదు. "కానీ ఇవి నన్ను నమ్ముకుని ఉండాయి. ఆ చేతుల వాసన తగిలితే ఆకు మానేస్తాయి. పోయిన దఫా ఒక చరఖా ఆయన తలుపు సందులోంచి తొంగి చూసి పోయినాడు, మూడో దినానికి సగం పంట పాయ."

"అది ఎండకు పోయింది మామా. ఆఫీసరు చెప్పినాడు."

"ఆఫీసరుకేం తెలుసు."

నేను కోపంతో చేతిలోని ఆకు పళ్ళెం విసిరికొట్టి బయటికొచ్చాను. అయినా ఇంకా నాలుగు రోజులున్నాయి, ఎట్లాగైనా ఒప్పిస్తానని నాకు ధైర్యం. ఎండాకాలపు పురుగు మన లెక్కకు ఆగదని అప్పటికి నాకు సరిగా తెలియదు.

రెండు రోజులకే పండాయి. పొద్దున్నే తలుపు తీసేసరికి పురుగుల ఒళ్ళు గాజులా మారి, లోపలి దారం పసుప్పచ్చగా తేరి కనిపిస్తోంది. తలలు ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. ఏరడానికి మాట ఇచ్చిన త్రివేణి కూలి గుంపు ఎల్లుండి కదా అని కళ్యాణదుర్గం వైపు పెళ్ళికి వెళ్ళిపోయింది. గిరి డ్యూటీలో ఉన్నాడు. ఇరవై వేల పురుగులు. సాయంత్రం లోపల చంద్రికల మీద వెయ్యకపోతే ఆ దారమంతా ఎండిన ఆకుల మీదా పుల్లల మీదా ఉమ్మేస్తాయి. మామ కంటికి పొర వచ్చి ఏడాదైంది. పండినదేదో పండనిదేదో వెలుతురులో పెట్టి చూస్తేగానీ ఆయనకు తెలియదు. ఇరవై పురుగులు ఏరడానికే ఆయనకు పావుగంట పట్టింది.

బయట గోనెపట్ట మీద నీళ్ళు పడిన చప్పుడైంది.

మామ ఆ వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత గడప దాకా నడిచి, గొంతు సవరించుకుని, "మేరాజమ్మా, నీళ్ళు చాలులే. లోపలికి రా తల్లీ," అన్నాడు.

అత్త చెంబు కింద పెట్టింది. కొంగు సర్దుకుని గడప దగ్గరికొచ్చి బ్లీచింగ్ తొట్టి మీదికి వంగింది.

"అందులో వద్దు," అన్నాడు మామ గబుక్కున. "హేమా, ఇత్తడి గిన్నెలో పసుపు నీళ్ళు కలుపుకొని రా."

నేను కలిపి తెచ్చాను. ఎందుకని అడగలేదు. పసుపే కదా, మంచిదే కదా అనుకున్నాను. పంట చేజారిపోతోందన్న తొందర కూడా ఉంది. కానీ ఆ రోజు ఆ గిన్నె పట్టుకుని నిలబడిన చేతులు నావే, మామవి కావు. ఆ సంగతి నేను ఎవరి మీదికీ తోసెయ్యలేను.

అత్త తొట్టిని చూసింది, గిన్నెను చూసింది. "అందరికీ అది, నాకు ఇదా?" అంది నాతో మెల్లగా.

"మర్యాదకేనమ్మా," అన్నాడు మామ. "లక్ష్మి ఇంట్లోకి వచ్చినట్టు."

ఆమె మోచేతుల దాకా కడుక్కుంది. ఒక్కసారి కాదు, మూడుసార్లు. తర్వాత గడప దాటి లోపలికొచ్చి షెడ్డు నడిమధ్యలో నిలబడింది. కళ్ళు మూసుకుంది.

నేను చూస్తున్నాను. ఆమె అట్లాగే నిలబడి ఉంది. తర్వాత కళ్ళు తెరిచి, దగ్గరున్న పురుగుల పడక మీదికి వంగి చెవి పెట్టింది.

"సద్దు ఏదీ కోడలా?"

నాకప్పుడు గుర్తొచ్చింది. "పండిన పురుగు తినదత్తా," అన్నాను. "పొద్దున్నుంచే మానేసినాయి."

"ఓహో," అంది. అంతే. కొంగు నడుముకు దోపుకుని, "చెప్పన్నా, ఎట్లాంటివి ఏరల్ల?" అంది మామతో.

మామ మొదటి పురుగును ఆకు మీద పెట్టి ఆమె ముందు జరిపాడు. ఆమె వెలుతురుకు పట్టి చూసింది. "కడుపులో దారం కనపడతాండాది," అంది. నలభై ఏళ్ళు దారం చూసిన కన్ను అది. ఇంక ఆయన చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె ఏరుతుంటే నేను చంద్రికలు అందించలేక ఆయాసపడ్డాను. ఒక్క పురుగు నలగలేదు, ఒక్కటి కింద పడలేదు. అప్పటిదాకా ఆమె ఏరినవాటిని ఆకు మీద పట్టుకుంటున్న మామ, పది గంటలకు ఆకు మానేసి నేరుగా ఆమె అరచేతుల్లోంచి పురుగుల్ని తీసుకోసాగాడు. ఆ మార్పు ఆయనకు తెలిసినట్టు లేదు. ఆమెకు తెలిసింది, నేను చూశాను. ముగ్గురిలో ఎవరమూ నీళ్ళు తాగలేదు. పడకల మీద చల్లిన సున్నం తగిలి ఆమె చేతుల పసుపు ఎర్రగా తిరిగింది. మూడు గంటలకు ఆఖరి చంద్రిక గోడకు ఆనించి, "ఐపోయ, ఇంగ నమాజుకు పోతా" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మామ సంబరం చూడాలి. "ఏం చెయ్యమ్మా అది! గూళ్ళు చూడు, రాళ్ళు మాదిరి వస్తాయి" అని మురిసిపోతున్నాడు.

"ఆమెకు కావాల్సింది దొరకల్యా మామా," అన్నాను.

"ఏం కావాల? గూళ్ళు అమ్మినాక చీర పెడతాము. పట్టుదే పెడతాము."

"సద్దు ఇనల్లనుకున్నది. ఈపొద్దు సద్దు ల్యాదు గదా. నీకు చెప్తే ఆపొద్దు రానియ్యకపోతివి."

మామ కలుపుతున్న అన్నం అట్లాగే వదిలేశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

పండుగ మరునాడు షబీనా కారుతో వచ్చింది. ఇల్లంతా మూటలు కట్టి, అత్త తలుపుకు బీగం వేస్తుంటే షబీనా తల్లి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇదేం మెహందీ అమ్మా, ముద్దలు ముద్దలుగా? ఎవరు పెట్టినారు?"

"మీ మామ పెట్టినాడు," అంది అత్త. నవ్వుతూనే అంది.

మామ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా, "రెండు నెల్లుండరాదా మేరాజమ్మా. తోట మళ్ళీ ఆకుకొస్తాది. ఈతూరి నాలుగో జ్వరం దాటంగానే పిలుస్తా," అన్నాడు.

"బీగం ఏసేసినా గదన్నా," అంది ఆమె. నన్ను దగ్గరికి తీసుకుని నెత్తి మీద ముద్దు పెట్టింది. "ఆ బజ్జీల వీడియో నాకు పంపియ్యి కోడలా," అంది చెవిలో. కారు హైవే వైపు మలుపు తిరిగేదాకా నేను ఆ అరుగు మీదే నిలబడ్డాను. మా అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. తల్లి దూరమైతే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

జూన్లో మళ్ళీ పంట పెట్టాం. నాలుగో జ్వరం దాటాక ఒక పొద్దున మామ షెడ్డుకు అత్త ఇంటి వైపున్న గోనెపట్టను పైకి చుట్టి కట్టేశాడు. వేడిగాలి కొడుతుంది మామా అంటే, "కొట్టనీలే" అన్నాడు. పడకల నడుమ ఒక కుర్చీ వేశాడు. తర్వాత నా చేత శిడ్లఘట్టకు ఫోను చేయించి, స్పీకరు పెట్టమన్నాడు.

"మేరాజమ్మా, రెండు దినాలాయ నాలుగో జ్వరం దాటి. సద్దు బాగుండాది. నువ్వు రావల్ల. రేపు గిరి బండి తీస్కొని వస్తాడు."

అటువైపు చరఖా తిరుగుతున్న చప్పుడు. "యాడొచ్చేదన్నా," అంది అత్త. "ఊరికే కూర్చుంటే పొద్దుపోక మళ్ళీ చరఖా కాడ కూర్చుంటాండా. చేతులు నాని తెల్లగైపోయినాయి. మళ్ళీ ఆ ఉడకబెట్టే చేతులే."

మామ ఫోనుకు దగ్గరగా వంగాడు. ఆరేళ్ళుగా ఆఫీసర్లను సైతం గడప దగ్గర ఆపిన మనిషి.

"అట్లనే రామ్మా," అన్నాడు. "చేతులు కడుక్కోకుండానే రా."

కొంచెంసేపు చరఖా ఆగింది. తర్వాత అత్త పగలబడి నవ్వింది.

"కడుక్కోకుంటే ఎట్లన్నా, పురుగులు చచ్చిపోవూ? కడుక్కుంటాలే. అందరూ కడుక్కునే నీళ్ళల్లోనే కడుక్కుంటా."

మామ ఫోను నా చేతికిచ్చి, తల మీది గుడ్డతో మొహం తుడుచుకుంటూ ఆకు కోయడానికి తోటలోకి వెళ్ళిపోయాడు.

ఆ పంటకు ఆమె రాలేదు. చరఖాల పని తెమలలేదంది. ఆ తర్వాత పంటకు మోకాళ్ళ నొప్పులంది. ఆ రంజాన్ పంటతో కలిపి ఇప్పుడు నడుస్తున్నది నాలుగోది. నిన్ననే నాలుగో జ్వరం దాటింది. గోనెపట్ట చుట్టి కట్టి ఉంది, కుర్చీ వేసి ఉంది. సాయంత్రాలు నేను బీగం వేసిన ఆ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుంటే సద్దు బాగా వినిపిస్తుంది. ఇత్తడి గిన్నె అటక మీదికి చేరింది. గడప దగ్గర తొట్టిలో నీళ్ళు రోజూ పొద్దున్నే నేనే మారుస్తున్నాను.